కత్తిరించిన నవ్వు

"అత్తయ్యా, అన్నం చల్లారిపోతోందని దానికి చెప్పండి."

కోడలు వంటగదిలోంచి అంది. అత్తగారు ముందుగదిలో సోఫా మీద ఉంది. 'అది' అనిపించుకున్న మనిషి మాత్రం వంటగది గుమ్మంలోనే, చెయ్యి చాపితే తల్లికి అందేంత దగ్గరలో నిలబడి ఉంది.

అత్తగారు మనవరాలి వైపు తిరిగింది. "విన్నావుగా."

"విన్నాను నానమ్మా. అమ్మ తింటేనే తింటానని చెప్పు."

"మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా తపాలా బంట్రోతునా?" అని విసుక్కుంటూనే ముసలావిడ ఆ మాట కోడలికి చేరవేసింది. జవాబుగా గరిటె సింకులో పడిన చప్పుడు మాత్రం వినిపించింది.

పొద్దున్నే రైలు దిగి వచ్చింది కూతురు. ఇంట్లో అందరూ పండు అని పిలుస్తారు. పక్క ఊళ్లో బడిపిల్లలకు చరిత్ర చెబుతుంది. వచ్చినప్పటి నుంచి తల్లి వెనకాలే తిరుగుతోంది. తల్లి దుప్పటి మడత పెడుతుంటే తనూ ఒక కొస పట్టుకుంది. తల్లి ఆ దుప్పటి కూతురి చేతిలోనే వదిలేసి ఇంకో దుప్పటి అందుకుంది. కూరగాయలు తరుగుతానని కత్తిపీట లాక్కుంటే, తల్లి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

తండ్రి స్నానాలగదిలో కొళాయి విప్పుకుని కూర్చున్నాడు. ఆయన పని చేసేది ఊరి నీటి సరఫరా ఆఫీసులో. వీధి కింద ఏ గొట్టం ఎక్కడ పగిలినా ఆయన్నే పిలుస్తారు. ఆ కొళాయికి ఏ జబ్బూ లేదు. అయినా గంట సేపటి నుంచి దాన్ని విప్పుతూ బిగిస్తూ ఉన్నాడు. భార్యకు, కూతురికి మధ్య ఏ మాట ఎక్కడ వెయ్యాలో తెలియనప్పుడు ఆయన అలాగే ఏదో ఒకటి విప్పుకుని కూర్చుంటాడు.

ఇంతా చేసి జరిగింది ఒక జోకు.

పండు తల్లి డ్రైవింగ్ స్కూల్లో టీచరు. వీధి వీధంతా టీచరమ్మ అనే పిలుస్తుంది. ఏ మాట చెప్పినా మొహం ఏ మాత్రం కదపకుండా చెప్పి, ఎదుటివాడు నమ్మాక పకపకా నవ్వడం ఆవిడ అలవాటు. బజారు ముందు కూరల సంచితో నడుస్తుంటే టీవీవాళ్లు ఆపారు. మైకు పట్టుకున్న అమ్మాయి, ఈ దేశానికి మొదటి అధ్యక్షుడు ఎవరని అడిగింది. వీళ్లలా బయటి దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకు ఈ దేశం ఎంత తెలుసో చూసే కార్యక్రమం అది.

"మా ఆయనే," అంది టీచరమ్మ, రోడ్డు దాటేవాళ్లకు దారి చూపించినంత గంభీరంగా.

ఆ వెంటనే నవ్వేసింది. మైకమ్మాయి కూడా నవ్వింది. తరవాత టీచరమ్మ అసలు పేరు చెప్పింది, ఆయన ఎన్నాళ్లు పాలించాడో చెప్పింది, ఇంకా ఏవేవో కబుర్లు చెప్పి ఇంటికొచ్చి కూర వండింది.

టీవీలో మాత్రం "మా ఆయనే" దగ్గరే ఆగిపోయింది. ఆవిడ గంభీరమైన మొహం అలాగే నిలిచిపోయింది. దాని మీద ఎర్రటి ప్రశ్నార్థకం వచ్చి పడింది. స్టూడియోలో కూర్చున్నాయన తల అడ్డంగా ఊపి, ఇన్నేళ్లుగా మన మధ్యే బతుకుతున్నారు, ప్రశ్న కూడా అర్థం కాలేదు పాపం అన్నాడు.

ఆ తరవాత అది ఫోనుల్లో ఊరంతా తిరిగింది.

టీచరమ్మ మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఆఫీసులో తోటివాళ్లు మొగుణ్ణి 'అధ్యక్షులవారూ, ఆ పానా ఇలా అందుకోండి' అంటున్నారని తెలిసి, అయితే జీతం పెంచమని అడక్కపోయారా అని నవ్వింది. డ్రైవింగ్ స్కూలు పెద్దాయన పిలిచి, పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసి ఏదేదో అడుగుతున్నారని, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకొమ్మని, ఆ మాట చెబుతున్నంత సేపూ బల్ల మీది పెన్నుతో ఆడుకుంటూ తనవైపు చూడకుండా చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. అయినా ఇంటికొచ్చి ఎవరికీ కన్నీళ్లు చూపించలేదు.

ఆవిణ్ణి పడగొట్టింది ఆ సాయంత్రం కూతురు చేసిన ఫోను.

పండు ఆ ముక్కను బళ్లో టీచర్ల గదిలో చూసింది. తల్లికి ఫోన్ చేసి, చిన్నపిల్లలకు పాఠం చెప్పే గొంతుతో, మెల్లగా, ముద్దుగా, మన మొదటి అధ్యక్షుడు ఎవరో చెప్పింది. తెలియకపోవడం తప్పేం కాదంది. బాధపడొద్దంది. తేలిగ్గా అర్థమయ్యే పుస్తకం ఒకటి పంపిస్తానంది.

పుస్తకం వచ్చింది. నిండా బొమ్మలే. అది బల్ల మీద పెట్టిన చోటే ఉంది. ఆ రోజు నుంచి టీచరమ్మ కూతురి ఫోను ఎత్తలేదు.

అన్నం నిజంగానే చల్లారింది. అత్తగారు ఇక లాభం లేదనుకుంది.

"అమ్మాయ్, నాకు ఆకలేస్తోంది. మీరు మాట్లాడుకునేదాకా నాకు ముద్ద దిగదు. ఒరేయ్, నువ్వూ ఆ కొళాయి వదిలి ఇలా రా."

నలుగురూ బల్ల చుట్టూ చేరారు. ఎవరూ కంచంలో చెయ్యి పెట్టలేదు.

"అమ్మా, తప్పయిపోయింది," అంది పండు. "ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెప్తాను."

టీచరమ్మ మొదటిసారి కూతురి మొహంలోకి చూసింది. "నువ్వు తప్పని ఎందుకంటున్నావో చెప్పు. నేను అలిగాననా?"

పండు చూపు దించుకుంది.

"ఆ టీవీవాళ్లకి నేనెవరో తెలీదు. బజార్లో పోయేదాన్ని పట్టుకున్నారు, నోటికొచ్చింది అనుకున్నారు. నీకు తెలుసు కదే. నువ్వు పుట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నేను ఇలాంటి జోకు వెయ్యని రోజుందా? మీ నాన్న మీసం పెట్టుడు మీసమని చెప్తే ఏడేళ్లొచ్చేదాకా నమ్మావు. నా మొహం చూస్తే నీకు తెలీలేదా?"

తండ్రి అసంకల్పితంగా మీసం తడుముకున్నాడు.

పండు కంచం అంచు మీద వేలు తిప్పింది. తరవాత తల ఎత్తకుండానే మాట్లాడింది.

"మనింట్లో అయితే తెలిసేది. నువ్వు తెలుగులో మాట్లాడితే నువ్వేంటో నాకు తెలుసు. అదే నువ్వు బయట వీళ్ల భాష మాట్లాడుతుంటే నాకు వేరేలా అనిపిస్తుందమ్మా. చిన్నప్పుడు బడికొచ్చి మా టీచరుతో మాట్లాడేదానివి గుర్తుందా? మాటమాటకీ ఆగి, వెతుక్కుంటూ. నేను పక్కనే నిలబడి, ఎక్కడ తప్పు మాట్లాడతావో అని బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. టీవీలో నిన్ను చూడగానే మళ్లీ అలాగే అయిపోయాను. నువ్వేమన్నావో కూడా సరిగ్గా వినలేదు. అప్పటికే సిగ్గుపడిపోయాను."

వీధిలో ఏదో బస్సు ఆగి, తలుపులు తెరుచుకుని, మళ్లీ మూసుకున్న చప్పుడు వినబడింది.

"వెతుక్కోవడం కాదది," అంది టీచరమ్మ చివరికి. గొంతులో కోపం లేదు, అదే పండుకు కష్టంగా ఉంది. "నీ టీచరు కదా, మర్యాదగా మాట్లాడదామని ఆగేదాన్ని. అంతే."

ఆ మాటకు పండు కళ్లెత్తి ఏదో అనబోయింది. ఇంతలో తలుపు గంట మోగింది.

తండ్రి వెళ్లి తలుపు తీశాడు. బయట ఒక అమ్మాయి, భుజాన సంచి, చేతిలో చిన్న కంప్యూటరు. ఆమె ఎవరో చెప్పకముందే టీచరమ్మ గుర్తుపట్టింది. బజారు ముందు మైకు పట్టుకున్నది ఆమే.

అత్తగారు కుర్చీ చూపించింది. తిట్టడానికైనా కూర్చోబెట్టాలిగా అంది కోడలితో, వచ్చిన పిల్లకు తెలుగు రాదన్న ధీమాతో.

మైకమ్మాయి క్షమాపణ అడగడానికి వచ్చానంది. తను మొత్తం రికార్డు చేసి ఇచ్చిందనీ, పైవాళ్లు ఆ ఒక్క ముక్కే ఉంచారనీ చెప్పింది. బజార్లో ఆ రోజు నిలబడి విన్న పండ్లకొట్టాయన, ఆవిడ దగ్గర డ్రైవింగు నేర్చుకున్నవాళ్లు కొందరు, అది అన్యాయమని ఆఫీసుకు వరసగా ఫోన్లు చేశారట. ఇప్పుడు పెద్దవాళ్లు ఆలోచనలో పడ్డారు. టీచరమ్మ స్టూడియోకు వస్తే, సరదాగా పది ప్రశ్నలు అడిగి, అన్నీ చెప్పాక జరిగిందానికి విచారం తెలియజేస్తామంటున్నారు.

టీచరమ్మ ఇంకా నోరు విప్పలేదు, పండు లేచి నిలబడింది.

"ముందు పరీక్ష, పాసైతే క్షమాపణా? మా అమ్మ మీ దగ్గర ఏం చదువుకుంటోందని పరీక్ష పెడతారు? ఈ ఊళ్లో సగం మందికి ఆ పది ప్రశ్నలూ తెలీవు. నా పక్కన కూర్చునే లెక్కల టీచరుకి తెలీవు. వాళ్లనెవరూ ఆపి అడగరు."

"కూర్చోవే," అంది టీచరమ్మ. అయితే ఆ 'వే' మెత్తగా వచ్చింది. అత్తగారు అది గమనించి కూర గిన్నె పండు వైపు జరిపింది.

స్టూడియోకు రానని టీచరమ్మ మైకమ్మాయితో స్పష్టంగా చెప్పింది. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తనకూ అదే కావాలంది. ఇంకో దారి ఉంది, దానికోసమే ఆఫీసులో పోట్లాడి వచ్చింది. ఆ రోజు రికార్డు చేసింది మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట కూడా తియ్యకుండా, రేపు అదే కార్యక్రమంలో వేస్తారు. టీచరమ్మ సరే అనాలి. సాయంత్రంలోగా చెప్పాలి.

"ముందు చూపించండి," అన్నాడు తండ్రి.

నలుగురూ ఆ చిన్న తెర మీదకు వంగారు. అత్తగారికి ఆ భాష సగం సగమే తెలుసు, అందుకని పండు ఒక్కో మాటా తెలుగులో చెబుతూ వచ్చింది. "మా ఆయనే" వచ్చింది. ఆ వెనకే, టీవీ మింగేసిన నవ్వు వచ్చింది. కూరల సంచి ఊగిపోయేంత నవ్వు. అత్తగారు తనూ నవ్వింది. తండ్రి తల వంచుకుని నవ్వాడు. ఆ వెంటనే సరైన పేరు వచ్చింది.

ఇవన్నీ మీకు ఎవరు నేర్పించారని తెరలో మైకమ్మాయి అడిగింది.

"నా కూతురు," అంది తెరలో టీచరమ్మ.

"నా కూతురు అంటోంది," అని నానమ్మకు చెప్పింది పండు. "దాని చిన్నప్పుడు అది పాఠాలు పైకి చదివేది, నేను వంట చేస్తూ వినేదాన్ని, దానికి ఏ రాజు ఎప్పుడొచ్చాడో గుర్తులేకపోతే నేనే అందించేదాన్ని అంటోంది. ఇప్పుడు అది ఈ దేశం పిల్లలకే ఈ దేశం చరిత్ర..."

అక్కడ ఆగిపోయింది.

"ఆగావేం? ఏమంది?" అని అత్తగారు మోచేత్తో పొడిచింది.

పండు చెప్పలేకపోయింది. తండ్రి అందుకున్నాడు. "ఈ దేశం పిల్లలకే చరిత్ర చెప్తోంది, నాకు పిల్ల కాదు, పంతులమ్మ అంటోందమ్మా."

టీచరమ్మ తెరవైపు చూడటం మానేసి, తన పైటకొంగు తీసి కూతురి చేతిలో పెట్టింది. "ముక్కు తుడుచుకో. అన్నంలో పడుతుంది."

పండు ఆ కొంగు పట్టుకుని వదల్లేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. తెరలో మాటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఇక్కడ పుట్టినవాళ్లకంటే మీకు బాగా తెలిసిందేమైనా ఉందా అని మైకమ్మాయి అడిగింది. ఉందండీ, రోడ్డు అంది టీచరమ్మ. లైసెన్సు పరీక్షలో తను మొదటిసారే గట్టెక్కింది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఊళ్లోకెల్లా పెద్ద డ్రైవింగ్ స్కూలు నడుపుతున్న మా పెద్దాయన మాత్రం నాలుగుసార్లు తప్పి ఐదోసారికి పాసయ్యాడు, కావాలంటే వెళ్లి అడగండి అంది. మళ్లీ ఆ నవ్వు.

బల్ల దగ్గర ఉన్న టీచరమ్మ మొహంలో రంగు మారిపోయింది.

"ఇది నేనన్నానా?"

అన్నావన్నట్టు తెరలోని మొహం ఆవిణ్ణే చూస్తోంది.

మైకమ్మాయికి ఏం జరిగిందో అర్థం కాలేదు. పండు చెప్పింది. పెద్దాయన ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. టీచరమ్మ మొదటిసారి స్టీరింగు పట్టుకున్న రోజు ధైర్యం చెప్పడానికి కారులో ఆవిడొక్కదానికే చెప్పాడు. తన భార్యకు కూడా తెలియదన్నాడు. ఇంట్లో వీళ్లకు తెలుసు, ఎందుకంటే ఈ ఇంట్లో ఎవరి కడుపులోనూ ఏదీ దాగదు. బయట ఎక్కడా పొక్కలేదు.

"ఆ ఒక్క మాట తీసెయ్యమనండి," అన్నాడు తండ్రి వెంటనే.

మైకమ్మాయి బుగ్గ కొరుక్కుంది. తియ్యడం క్షణం పని అంది. అయితే మొత్తం వెయ్యాలి, ఏదీ కత్తిరించకూడదు అనే మాట మీదే తను పోట్లాడి ఒప్పించింది. ఇప్పుడు తనే వెళ్లి ఒక ముక్క తియ్యమంటే, అయితే మిగతాది కూడా మేమే సర్దుతామంటారు. ఎక్కడెక్కడ సర్దుతారో తనకే తెలీదంది. ఆ పిల్ల ఆ మాట దాచకుండా చెప్పినందుకు టీచరమ్మకు ఆమె మీద కొంచెం గౌరవం కలిగింది.

ఆమె వెళ్లాక ఇంట్లో మళ్లీ రగిలింది. ఈసారి తల్లీకూతుళ్ల మధ్య కాదు.

నిన్ను ఇంట్లో కూర్చోబెట్టినాయన గురించి అంత ఆలోచనెందుకు, వెయ్యనీ అని పండు వాదించింది. ఆ భాష నాలుగు ముక్కలు కూడా రానప్పుడు, ఎవరూ పని ఇవ్వనప్పుడు, తన కారు తాళాలు చేతిలో పెట్టింది ఆయనే కదా అని తండ్రి అన్నాడు. పరీక్ష తప్పడం అంత దాచుకోవలసిన సంగతా, మీ తాత పదో తరగతి ఎన్నిసార్లు రాశాడో మన ఊళ్లో అందరికీ తెలుసు అని అత్తగారు అడ్డొచ్చింది. ఎవరికి వాళ్లు సరిగ్గానే మాట్లాడుతున్నారు.

టీచరమ్మ కాసేపు విని లేచింది.

"నన్ను నవ్వులపాలు చేశారని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. నేను చేసిందీ అదేగా. నలుగుర్ని నవ్వించాలని ఆయన మాట రోడ్డు మీద పారేశాను."

"నువ్వు కావాలని అన్నావా?" అన్నాడు భర్త.

"కావాలనకపోతే ఆయనకి తక్కువ తగులుతుందా? ఆయన్నే అడుగుతాను. ఆయన సరే అంటే వెయ్యనీ, వద్దంటే మానెయ్యనీ."

"నేనూ వస్తాను," అంది పండు.

"రా. కానీ నా తరఫున నువ్వు మాట్లాడకు. ఆగినా, వెతుక్కున్నా నేనే మాట్లాడుకుంటాను."

సెలవు రోజు కావడంతో స్కూలు మూసి ఉంది. పెద్దాయన పెరట్లో పాఠాల కారు కడుగుతున్నాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, సబ్బు నురగలో నిలబడి ఉన్నాడు. టీచరమ్మను చూడగానే నీళ్లు ఆపేశాడు. ఏం చెయ్యాలో తెలియక తడి చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు.

టీచరమ్మ చుట్టూ తిప్పకుండా చెప్పింది. రెండుచోట్ల మాట కోసం ఆగింది. పండు పెదవి కొరుక్కుని నిలబడింది గాని, అందించలేదు. ఆగిన చోట పెద్దాయన కూడా తొందరపెట్టలేదు. వినడానికి ఆయనకు ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. ఆ సంగతి పండు ఇవాళే చూసింది.

చూపించమన్నాడు. మైకమ్మాయి పండు ఫోనుకు పంపించిన రికార్డు అది. కారు బానెట్టు మీద పెట్టుకుని చూశారు. "మా ఆయనే" దగ్గర ఆయన మొహం ముడుచుకుంది. తరవాత నవ్వు వినబడగానే కనుబొమలు పైకి లేచాయి.

"జోకు," అన్నాడు మెల్లగా. "మీరు రోజూ నాతో వేసే జోకే కదా ఇది."

"అవునండీ."

"నాకు తట్టనే లేదు." ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఇన్నేళ్లు మీతో పనిచేసి, టీవీ చెప్పింది నమ్మాను."

టీచరమ్మ ఫోను వైపు వేలు చూపించింది. రావలసింది ఇంకా ముందుంది. అదీ వచ్చింది. నాలుగుసార్లు తప్పి, ఐదోసారికి. మళ్లీ నవ్వు. పెద్దాయన ఫోను ఆగిపోయాక కూడా దానివైపే చూస్తూ ఉన్నాడు. కారు మీది నురగ మెల్లగా జారి నేల మీద పడుతోంది.

క్షమించమని టీచరమ్మ అడిగింది. మీరు వద్దంటే ఇది ఎక్కడా రాదు, నా పేరు ఎలా ఉంటే అలా ఉంటుంది, నేను బతికేస్తాను అంది. ఆ మాట పండుకు గుచ్చుకుంది, అయినా ఊరుకుంది.

ఆయన మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు. ముందు మా ఆవిడతో మాట్లాడాలని చెప్పి ఆఫీసు గదిలోకి వెళ్లి అద్దం తలుపు వేసుకున్నాడు.

అద్దంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. నిలబడి మాట్లాడుతున్నవాడు కాసేపటికి కూర్చున్నాడు. ఆ తరవాత ఆయన మాట్లాడటం ఆపేసి వినడం మొదలుపెట్టాడు. వింటూనే ఉన్నాడు.

"ఏమంటోందో ఆవిడ," అంది టీచరమ్మ.

పండు తల్లి చెయ్యి పట్టుకుంది. సబ్బునీళ్లు కాళ్ల కిందికి వస్తున్నా ఇద్దరూ కదల్లేదు. పండు ఫోను మోగింది. మైకమ్మాయి. ఏం చెప్పాలో తెలియక మోగనిచ్చింది. అది ఆగి, మళ్లీ మోగింది.

అద్దం తలుపు తెరుచుకుంది. పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. ఆయన మొహం చూసి ఏమీ పోల్చుకోవడానికి లేదు. చేతిలోని ఫోను టీచరమ్మ వైపు చాపాడు.

"మా ఆవిడ. మీతోనే మాట్లాడుతుందట. నన్ను దూరంగా వెళ్లమంది."

టీచరమ్మ కూతురి చెయ్యి వదిలి, ఫోను అందుకుని, చెవికి ఆనించుకుంది.